పాత పుస్తకానికి ఎన్ని పుట్టినరోజులు?

"1871 మొదటి ఎడిషన్, ఒరిజినల్ బైండింగ్, చాలా అరుదు" అని రాసి ఉంటే నమ్మి, కొన్నేళ్ల కిందట ఆన్‌లైన్‌లో ఒక ఇంగ్లీషు యాత్రా గ్రంథం కొన్నాను. పార్సిల్ విప్పగానే ముఖపత్రం, అంటే లోపల పుస్తకం పేరు వేసే పేజీ, చూశాను. 1871 అనే ఉంది, హమ్మయ్య అనుకున్నాను. రెండు రోజుల తర్వాత తీరిగ్గా చివరిదాకా తిరగేస్తే, అసలు పుస్తకం అయిపోయాక ప్రచురణకర్త తన మిగతా పుస్తకాల జాబితా ఒకటి కలిపి కుట్టించాడు, దాని అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "అక్టోబర్ 1884" అని ఉంది.

1884 జాబితా 1871 పుస్తకంలోకి ఎలా వచ్చినట్టు? అమ్మినతను అబద్ధం ఆడాడా అంటే పూర్తిగా ఆడలేదు. ఆ రోజుల్లో అచ్చయిన కాగితాలన్నిటికీ ఒకేసారి అట్ట వేయించేవాళ్లు కాదు. అమ్మకాన్ని బట్టి కొన్ని కొన్నిగా బైండ్ చేయించి, మిగతావి గోదాములో కట్టలు కట్టి పడేసేవాళ్లు. పుస్తకం ఆడకపోతే ఆ కట్టలు ఏళ్ల తరబడి అలాగే ఉండి, తర్వాతెప్పుడో చవక రకం గుడ్డ అట్ట తొడుక్కుని బయటికొచ్చేవి. అలా నాకు దొరికిన ప్రతిలో కాగితాలు 1871వే, అట్ట మాత్రం 1884 చివరికి ముందుది అయ్యే అవకాశమే లేదు. "మొదటి ఎడిషన్" అన్నమాట నిజం, "ఒరిజినల్ బైండింగ్" అన్నమాట మాత్రం సేకర్తలు అనుకునే అర్థంలో కాదు. ధర వేసింది ఆ రెండో మాటకి.

అప్పుడు అర్థమైంది, పాత పుస్తకానికి ఒక్క వయసు ఉండదని. రచన మొదటిసారి వెలువడిన ఏడు ఒకటి, అచ్చు పలకలు తయారైన ఏడు ఒకటి, మన చేతిలోని కాగితం మీద సిరా పడ్డ ఏడు ఇంకొకటి, అట్ట వేసింది మరొకటి, ఆ పైన తొడిగిన కాగితపు డస్ట్ జాకెట్ ఎప్పటిదో అది వేరే లెక్క. వీటిలో దేనికి ఎక్కువ డబ్బొస్తుందో ఆ సంవత్సరమే వివరణలో మొదటి వరుసలోకి వస్తుంది. కావాలని అలా రాసేవాళ్లు కొందరున్నా, తెలియక రాసేవాళ్లే ఎక్కువ. ఇంట్లో అటక మీద దొరికింది, లోపల ఏదో సంవత్సరం కనిపించింది, రాసేశారు, అంతే.

ముఖపత్రంతోనే మొదలుపెడదాం. అక్కడ సంవత్సరం రోమన్ అంకెల్లో ఉంటే కూడుకోవాలి: ఎం అంటే 1000, డి 500, సి 100, ఎల్ 50, ఎక్స్ 10. ఎం-డి-సి-సి-సి-ఎల్-ఎక్స్-ఎక్స్-ఐ అని ఉంటే 1871. ఒక్క ఎక్స్ చూపు జారితే పదేళ్లు పోతాయి, వివరణల్లో ఈ పొరపాటు తరచూ దొర్లుతుంది. 16, 17 శతాబ్దాల లాటిన్ పుస్తకాల్లో సి అక్షరాన్ని అద్దంలోలా తిప్పి ఐ పక్కన పెట్టి 500, 1000 రాసేవాళ్లు, అది మొదటిసారి చూస్తే అచ్చు తప్పేమో అనిపిస్తుంది. ఫ్రెంచి పుస్తకం మీద ఉత్త "7వ సంవత్సరం" అని ఉంటే కంగారు పడక్కర్లేదు, విప్లవం తర్వాత వాళ్లు 1792 నుంచి లెక్క కొత్తగా మొదలుపెట్టారు, కాబట్టి అది 1798-99.

కాపీరైట్ పేజీ ఇంకా పెద్ద చిక్కు. "కాపీరైట్ 1904" అన్నది ఆ రచన మీద హక్కు నమోదైన సంవత్సరం, మన చేతిలోని ప్రతి ఎప్పుడు అచ్చయిందో అది చెప్పదు. అమెరికాలో గ్రాసెట్ అండ్ డన్‌లాప్, ఎ.ఎల్. బర్ట్ లాంటి సంస్థలు బాగా అమ్ముడైన నవలల అచ్చు పలకలు అసలు ప్రచురణకర్తల దగ్గర తీసుకుని చవక ముద్రణలు వేసేవి, లోపల పాత కాపీరైట్ సంవత్సరం ఒక్కటే మిగిలేది. అది చూసి "1904 ఫస్ట్ ఎడిషన్" అని పెట్టేస్తారు. మొదట ఆ పుస్తకాన్ని వేసింది ఎవరో తెలుసుకుంటే చాలు, అట్ట వెన్ను మీద వేరే సంస్థ పేరు కనిపించగానే అక్కడితో ఆగిపోవచ్చు. హార్పర్ అండ్ బ్రదర్స్ వాళ్లు 1912 నుంచి కాపీరైట్ పేజీలో రెండు అక్షరాల సంకేతం వేసేవాళ్లు, మొదటి అక్షరం నెల, రెండోది సంవత్సరం. 1912కి ఎం, 1913కి ఎన్, అలా. నెలల్లో జె అక్షరం వదిలేశారు, కాబట్టి అక్టోబర్‌కి కె. సంకేతం తెలియని అమ్మకందారుకి అవి ఉత్త రెండక్షరాలు, తెలిసినవాళ్లకి పుస్తకం ఏ నెలలో అచ్చయిందో చెప్పే సాక్ష్యం.

20వ శతాబ్దం చివరి పుస్తకాల్లో అయితే ఒక అంకెల వరుస ఉంటుంది, 10 నుంచి 1 దాకా. దీని వెనక ఉన్నది చాలా సాదా యుక్తి. పలక మీద కొత్తగా ఏదైనా చేర్చడం ఖర్చు, ఉన్నదాన్ని చెరిపేయడం తేలిక, అందుకే పదీ ముందే వేసేసి ప్రతి పునర్ముద్రణకీ ఒక్కో అంకె చెరిపేస్తూ పోతారు. మిగిలిన వాటిలో అతి చిన్న అంకె ఏదో అదే ముద్రణ సంఖ్య. అతి చిన్నది 4 అయితే నాలుగో ముద్రణ, పక్కనే "ఫస్ట్ ఎడిషన్" అనే మాట చెరపడం మర్చిపోయి ఉన్నా సరే. దీనికీ మినహాయింపులున్నాయి లెండి, ర్యాండమ్ హౌస్ చాలా ఏళ్లు మొదటి ముద్రణకి "ఫస్ట్ ఎడిషన్" అనే మాట వేసి అంకెల్ని 2తో మొదలుపెట్టేది, రెండో ముద్రణలో ఆ మాట తీసేసేది. ఒక సంస్థ పద్ధతి ఇంకో సంస్థకి వర్తించదు.

అసలు "ఫస్ట్ ఎడిషన్" అనే మాటే జారుడుబండ. అచ్చు పరిభాషలో ఎడిషన్ అంటే ఒకసారి కూర్చిన అక్షరాల నుంచి వచ్చిన ప్రతులన్నీ. 19వ శతాబ్దంలో, కూర్చిన అక్షరాలకి అచ్చు తీసి పోతపోసే స్టీరియోటైప్ పలకలు వచ్చాక అదే కూర్పు నుంచి ముప్ఫై ఏళ్లపాటు అచ్చు వేసుకోవచ్చు, పరిభాష ప్రకారం అవన్నీ మొదటి ఎడిషనే! సేకర్త అడుగుతున్నది మొదటి ముద్రణ, అంటే మొదటిసారి మిషన్ ఎక్కినప్పుడు వచ్చిన ప్రతి. ఈ రెండు అర్థాల మధ్య ఉన్న సందులోనే బోలెడంత వ్యాపారం నడుస్తుంది. "ఫస్ట్ ఎడిషన్ దస్" అని ఒక ప్రయోగం ఉంది, "ఈ రూపంలో మొదటిసారి" అని దాని భావం. కొత్త బొమ్మలతోనో కొత్త ముందుమాటతోనో వచ్చిన పునర్ముద్రణ అన్నమాట. ఆ చివరి మాట అక్కడ ఊరికే పెట్టరు. సభ్యులకి చవకగా పుస్తకాలు పంపే బుక్ క్లబ్‌ల ప్రతుల సంగతీ ఇంతే. లోపల "ఫస్ట్ ఎడిషన్" అని ఉండొచ్చు, కానీ జాకెట్ లోపలి మడత మీద ధర ఉండదు, కాగితం తేలిక, కొన్నిటికి వెనక అట్ట అడుగు మూలలో సిరా లేకుండా నొక్కిన చిన్న గుంట ఉంటుంది. మడత మీద ధర ఉండే మూల కత్తిరించి ఉంటే అక్కడ ధర ఉండేదో లేదో ఇక తేల్చలేం, కాబట్టి ఆ గుంట కోసం వేలితో తడిమి చూడండి.

సంవత్సరమే లేని పుస్తకాల్లో డిటెక్టివ్ పని మొదలవుతుంది, నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. ప్రచురణకర్త చిరునామా చూడాలి, సంస్థలు ఇళ్లు మారతాయి, పేర్లు మారతాయి. హార్పర్ అండ్ బ్రదర్స్ 1962లో హార్పర్ అండ్ రో అయింది, ఆ రెండో పేరు ఉన్న ప్రతి 1962కి ముందుది కాలేదు. లండన్ చిరునామా చివర దిక్కుల పొడి అక్షరాలుంటే 1850ల చివరికి ముందుది కాదు, వాటి పక్కన అంకె కూడా ఉంటే 1917కి ముందుది కాదు. అమెరికా చిరునామాలో ఐదంకెల జిప్ కోడ్ 1963లో వచ్చింది. ఐఎస్‌బీఎన్ అనే పుస్తక గుర్తింపు సంఖ్య అంతర్జాతీయ ప్రమాణం అయింది 1970లో, పదమూడంకెలది 2007 నుంచి. ఇవన్నీ పుస్తకం ఇంతకన్నా పాతది కాదు అని చెప్పే గుర్తులు. ఇంతకన్నా కొత్తది కాదు అని చెప్పేవీ ఉంటాయి, అట్ట లోపల ఎవరో "పుట్టినరోజు కానుక, 1893" అని సిరాతో రాసిచ్చిన మాట లాంటివి. ఆ రాత నిజమైనదైతే పుస్తకం అప్పటికే ఉన్నట్టు. రెండు గుర్తుల మధ్య బిగించుకుంటూ వస్తే సంవత్సరం దాదాపుగా చిక్కుతుంది.

ఇక కాగితం. పసుపెక్కి, ముట్టుకుంటే పొడి రాలుతుంటే పాతది అనుకుంటారు అందరూ. నిజానికి 1550 నాటి పుస్తకం చాలాసార్లు 1890 నాటి పుస్తకం కన్నా తెల్లగా, గట్టిగా ఉంటుంది. పూర్వం కాగితం నార, నూలు గుడ్డపేలికలతో చేసేవాళ్లు. 1840ల్లో కర్రను నూరి గుజ్జు చేసే పద్ధతి కనిపెట్టాక, ఆ శతాబ్దం రెండో సగంలో చవక కర్ర కాగితం ముంచెత్తింది. అందులో ఉండే లిగ్నిన్ అనే కర్ర పదార్థం, ఆమ్లం కలిసి ఆ కాగితాన్ని లోపలి నుంచే తినేస్తాయి. కాబట్టి గోధుమ రంగుకి తిరిగి అంచులు విరిగిపోతున్న పుస్తకం మీద 1650 అని రాసి ఉంటే, రంగు చూసి మురిసిపోకుండా అనుమానించాలి. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే పాత చేతి కాగితంలో దగ్గర దగ్గరగా సన్న గీతలు, వాటికి అడ్డంగా అంగుళం ఎడంలో మందపాటి గీతలు కనిపిస్తాయి, కాగితం పోసిన జల్లెడ తీగల ముద్రలవి. ఆ గీతలు లేని నున్నటి కాగితం పుస్తకాల్లో కనిపించడం 1757 నుంచి. గీతలు ఉన్నంత మాత్రాన పాతది అనడానికీ లేదు, యంత్రాలు వాటిని కూడా అచ్చు గుద్దినట్టు తెప్పించగలవు. 1950 ప్రాంతం నుంచి కాగితంలో తెలుపు కోసం కలుపుతున్న రసాయనం మాత్రం అతినీల లైటు కింద నీలంగా మెరుస్తుంది. పాతది అన్న పుస్తకం చీకట్లో ఆ లైటు వేయగానే మెరిసిపోతే ఇక మాట్లాడేదేం లేదు.

పది రెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం ఒకటి కొనుక్కోండి, అంతకన్నా మంచి పెట్టుబడి లేదు. లోహపు అక్షరాలతో అచ్చయిన పేజీలో అక్షరం కాగితంలోకి కొద్దిగా దిగబడి ఉంటుంది, సిరా పక్కలకి నొక్కుకుని అంచున సన్నటి ముదురు గీత కడుతుంది, పేజీ వెనక వేలితో రాస్తే కొన్నిసార్లు తగులుతుంది కూడా. లోహపు అక్షరాలు వాడని ఆఫ్‌సెట్ అచ్చు చదునుగా ఉంటుంది. బొమ్మ క్రమబద్ధమైన చుక్కలుగా విడిపోతే అది హాఫ్‌టోన్, పుస్తకాల్లోకి వచ్చింది 1880ల్లో. అంతకు ముందుది అంటున్న పుస్తకంలో చుక్కల బొమ్మ ఉండకూడదు. నకలు ప్రతుల్ని పట్టుకోవడానికి నాకు తెలిసిన అతి ముచ్చటైన ఉపాయం మరకలు చూడటం. నిజమైన పుస్తకంలో గోధుమ మచ్చ కాగితం నారలోకి ఇంకి, వెనక పేజీకో ఎదుటి పేజీకో కొంచెమైనా అంటుతుంది. పాత ప్రతిని ఫొటో తీసి అచ్చు వేసిన నకల్లో మచ్చలు కూడా అచ్చులోనే వస్తాయి, భూతద్దం పెడితే మరక కాస్తా చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది, పేజీ తిప్పితే వెనక దాని ఆనవాలే ఉండదు.

అక్షరాల రూపం కూడా మోసం చేస్తుంది. ఎఫ్‌లా కనిపించే పొడుగు ఎస్ ఇంగ్లీషు పుస్తకాల నుంచి దాదాపు 1800 నాటికి పోయింది, అది పనికొచ్చే గుర్తే. జర్మన్ పుస్తకాల్లోని విరుపుల విరుపుల నల్లటి లిపి చూసి మధ్యయుగాల నాటిది అని రాసేవాళ్లుంటారు, అది 1941లో నాజీ ప్రభుత్వం ఆపమనేదాకా మామూలు నవలల్లోనూ వాడుకలో ఉంది.

కాగితం సాక్ష్యం ఎంత గట్టిదో చెప్పడానికి థామస్ జేమ్స్ వైజ్ కథ చాలు. ఇంగ్లండులో ఆయన కాలానికి పుస్తక సేకరణలో ఆయన మాటే వేదం, గ్రంథ సూచికలు రాసిన పెద్దమనిషి. ఇంగ్లీషు కవయిత్రి ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ ప్రేమ సానెట్లు 1850లో ఆమె కవితా సంపుటిలో వచ్చాయని అందరికీ తెలుసు, అంతకు ముందే "రెడింగ్, 1847" అని ముద్రతో ఒక చిన్న పుస్తకం ఉందని వైజ్ ప్రచారంలోకి తెచ్చాడు. సేకర్తలు ఎగబడ్డారు. 1930ల మొదట్లో జాన్ కార్టర్, గ్రాహం పొలార్డ్ అనే ఇద్దరు కుర్ర పుస్తక వ్యాపారులు ఆ కాగితాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టించారు. అందులో రసాయనాలతో ఉడికించిన కర్ర గుజ్జు ఉంది, ఇంగ్లండులో 1874కి ముందు అలాంటి కాగితమే లేదు. అక్షరాల్లో ఎఫ్ తల పక్కకి వేలాడకుండా కొత్త పద్ధతిలో పోతపోసి ఉంది, అది 1880 తర్వాతి సంగతి. 1847 అన్న ముద్ర ఒక్కటే అబద్ధం, పుస్తకంలో మిగతా ప్రతి అణువూ నిజం చెబుతూనే ఉంది, అడిగినవాళ్లే లేరు. అలాంటివి వాళ్లు 1934లో డజన్లకొద్దీ బయటపెట్టారు. వైజ్ 1937లో పోయాడు, ఒప్పుకోలేదు. ఆయన తన ప్రతుల్లో లోటున్న పేజీల్ని బ్రిటిష్ మ్యూజియం ప్రతుల నుంచి కోసుకుని అతికించుకున్నాడని 1950ల్లో బయటపడింది, అది ఇంకో అధ్యాయం.

అలా వేరే ప్రతుల పేజీలతో పూర్తి చేసిన పుస్తకానికి వ్యాపారంలో ఒక ముద్దుపేరుంది, "సొఫిస్టికేటెడ్ కాపీ" అని. వినడానికి ఎంత గొప్పగా ఉంది! ఈ రంగంలో పొగడ్తలా వినిపించే తిట్లు ఇంకా ఉన్నాయి. స్థితి చెప్పేటప్పుడు "గుడ్" అంటే బాగుందని కాదు, ఫైన్, వెరీ గుడ్ తర్వాత మూడో మెట్టు, నలిగి వాడిపోయి పేజీలు మాత్రం ఉన్నాయని. "రీడింగ్ కాపీ" అంటే చదువుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదని. "ఎక్స్ లైబ్రరీ" అంటే ముద్రలు, అంటించిన కార్డు సంచులు, వెన్ను మీద నంబరు. "సంతకం ఉంది" అంటే ఏ సంతకమో అడగాలి, అచ్చులోనే వచ్చిన సంతకాలుంటాయి, యంత్రం పెట్టినవీ ఉంటాయి. "యాంటిక్" అనే మాటకి కస్టమ్స్ వాళ్ల లెక్కలో వందేళ్లు దాటి ఉండాలి, అమ్మకాల పేజీల్లో ఆ మాటకి లెక్కే లేదు. "అరుదు" మరీ అరిగిపోయిన మాట. 19వ శతాబ్దపు పెద్ద తోలు అట్ట కుటుంబ బైబిళ్లు లక్షల్లో అచ్చయ్యాయి, ఇప్పటికీ రోజూ అమ్మకానికి వస్తూనే ఉంటాయి, వాటి పక్కన "రేర్" అని లేకుండా మాత్రం చూడలేదు.

జాకెట్ విషయం వేరేగా చెప్పుకోవాలి, ఎందుకంటే 20వ శతాబ్దపు నవలల్లో విలువలో సింహభాగం ఆ పలుచని కాగితానిదే. 1925 నాటి గ్రేట్ గాట్స్‌బీ మొదటి ముద్రణ జాకెట్ వెనక వైపు, నాయకుడు జే గాట్స్‌బీ పేరులో మొదటి అక్షరం పొరపాటున చిన్న జె పడింది, దాన్ని తర్వాత సరిచేశారు. ఇలాంటి చిన్న తప్పుల్నే సేకర్తలు గుర్తులుగా పట్టుకుంటారు. అందుకే రంగుల ప్రింటర్లు వచ్చాక నకిలీ జాకెట్లు పుట్టుకొచ్చాయి. నిజాయితీ ఉన్నవాళ్లు "ఫాక్సిమిలీ జాకెట్", అంటే నకలు, అని రాస్తారు, లేనివాళ్లు "జాకెట్‌తో" అని ఊరుకుంటారు. ఇక నిజమైన జాకెట్టే అయినా మూడో ముద్రణది తెచ్చి మొదటి ముద్రణ పుస్తకానికి తొడగడం చిటికెలో పని.

ఈ మధ్య అన్నిటికన్నా ఎక్కువగా విసిగించేది స్కాన్ నుంచి ఆర్డరు మీద అచ్చు వేసే ప్రతులు. గ్రంథాలయం స్కాన్ తీసుకుని నిన్న రాత్రి అచ్చు వేసిన పుస్తకానికి, అమ్మకం పేజీలో సంవత్సరం గడిలో "1823" అని వస్తుంది, ఫొటో ఉండదు, లేదా నున్నటి కొత్త అట్ట బొమ్మ ఉంటుంది. సంవత్సరం పెట్టి వెతికితే నిజమైన 1823 ప్రతుల మధ్యలో ఇవీ కూర్చుంటాయి. వివరణలో ఎక్కడో కింద "రీప్రింట్" అని ఉంటుంది, అది చదవకపోతే తప్పు మనదే అంటారు.

కొనేముందు ఫొటోలు అడగండి: ముఖపత్రం రెండు వైపులా, చివరి పేజీ, వెన్ను, అట్ట లోపలి వైపు, చివర జాబితా ఉంటే దాని అడుగు భాగం. బొమ్మల పుస్తకమైతే బొమ్మలు ఎన్ని ఉండాలో ముందే కనుక్కుని, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చెప్పమనండి, మ్యాపులు కోసి విడిగా అమ్ముకోవడం ఈ వ్యాపారంలో పాత అలవాటు. 1800 లోపు ఇంగ్లీషు పుస్తకాలకి ఇంగ్లిష్ షార్ట్ టైటిల్ కేటలాగ్ ఉంది, మిగతావాటికి వరల్డ్‌క్యాట్‌లో గ్రంథాలయాల నమోదులు చూడొచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనో హాతిట్రస్ట్‌లోనో అసలు ప్రతి స్కాన్ దొరికితే పక్కపక్కన పెట్టి పేజీ పేజీ పోల్చుకోవచ్చు. అమ్మేవాళ్లని నేను అడిగే ఒకే ఒక్క ప్రశ్న, "ఇది మొదటి ముద్రణ అని మీరు ఎలా తేల్చారు?" అని. పనివచ్చినవాళ్లు ఏ పేజీలో ఏ గుర్తు చూశారో, ఏ సూచికతో పోల్చారో రెండు ముక్కల్లో చెప్పేస్తారు. "లోపల అలాగే రాసుందండీ" అని జవాబొస్తే మీరు చూడవలసింది ఇంకా చాలా ఉందని.

నా యాత్రా గ్రంథాన్ని వెనక్కి పంపలేదు. చదవడానికి బాగుంది, పైగా దాని వల్ల ఇంత తెలుసుకున్నాను. ముందు అట్ట లోపల ఒక మూల మెత్తటి పెన్సిల్‌తో, చెరిపితే పోయేలా, "కాగితాలు 1871, అట్ట 1884 అక్టోబర్ తర్వాత" అని రాసి పెట్టాను. నా తర్వాత అది ఎవరి చేతికి వెళ్తుందో, వాళ్లు అమ్మకానికి పెట్టేముందు ఆ పెన్సిల్ రాత ఉంచుతారో రబ్బరు తీసుకుంటారో మరి.